తెర ఎవరి చేతిలో ఉంది?

దొంగకాపీ చూసేవాడు నీతి తప్పినవాడని తీర్పు చెప్పి తృప్తిపడే వాదన ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అయితే అమెరికాలో టొరెంట్లకు అలవాటుపడిన ప్రేక్షకులే ఒక దశలో వాటిని వదిలి నెలచందాలు కట్టారు. వాళ్ళలో కొందరు మళ్ళీ పాతదారి పట్టారు. ఇంత కొద్దికాలంలో జనం నీతి రెండుసార్లు మారిందా? మారినవి పంపిణీ సంబంధాలని నా అభిప్రాయం.

ఒకప్పుడు హాలీవుడ్‌లో పెద్ద స్టూడియోలే సినిమాలు తీసేవి, పంపిణీ చేసేవి, సొంత హాళ్ళలో ఆడించుకునేవి. బయటి హాళ్ళకు పేరున్న సినిమా ఇవ్వాలంటే నాసిరకం సినిమాలు కూడా కలిపి అంటగట్టేవి. 1948లో పారమౌంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఫలితంగా స్టూడియోలు హాళ్ళను వదులుకోవలసి వచ్చింది. సినిమా తీసేవాడూ ఆడించేవాడూ వేరయ్యారు.

2007లో నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలుపెట్టినప్పుడు అది అద్దెపుస్తకాల షాపు వంటిది. పలువురి సరుకు ఒకేచోట, ఒకే చందాకు దొరికేది. దొంగకాపీకి నిజమైన పోటీ అదే. 2013లో ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’తో ఆ షాపు మరెక్కడా దొరకని సరుకు పెట్టడం మొదలుపెట్టింది. స్టూడియోలూ సొంత షాపులు తెరిచాయి: 2019 నవంబరులో డిస్నీ, 2020లో హెచ్‌బీఓ మాక్స్, పీకాక్. ‘ఫ్రెండ్స్’ ఒకచోటికి, ‘ది ఆఫీస్’ మరోచోటికి తరలిపోయాయి. 2020 ఆగస్టులో 1948 నాటి ఆంక్షలను కోర్టు ఎత్తివేసింది. అవి సినిమాహాళ్ళకే వర్తించేవి గనుక, స్ట్రీమింగ్‌కు అదే కారణమని నేను అనను. ఆ పాటికే పెట్టుబడి వేరే దారిలో పాత స్థానానికి చేరుకుంది. తీసేవాడే మళ్ళీ ఆడించేవాడయ్యాడు.

ఒక చందాతో తీరిన అవసరానికి ఇప్పుడు నాలుగైదు కావాలి. 2023లో పాస్‌వర్డ్ పంచుకోవడంపై నెట్‌ఫ్లిక్స్ ఆంక్షలు బిగించింది. చందా కట్టినవాడికీ ప్రకటనలు తప్పని రోజులొచ్చాయి. పైరసీ ప్రధానంగా ధర సమస్య కాదనీ, సేవాలోపమనీ 2011లోనే వీడియో ఆటల వ్యాపారి గేబ్ న్యూయెల్ అన్నాడు. ఇందులో నిజం ఉంది. కానీ అక్కడే ఆగితే వ్యాపారి చూపే మన చూపవుతుంది. సరుకును విడగొట్టి కంచె వేయడం పొరపాటున జరిగింది కాదు. లాభం ఆ కంచెలోనే ఉంది.

రచయితలకు ఇందులో సొంత నష్టం ఉంది. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మాక్స్ ‘ఇన్ఫినిటీ ట్రెయిన్’ వంటి యానిమేషన్ ధారావాహికలను తొలగించింది. చందాదారుకు ఆ రచన మీద హక్కేమీ మిగలలేదు. సృష్టికర్త మాటా చెల్లలేదు. 2023లో అమెరికన్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. స్ట్రీమింగ్‌లో తమ రచనలు మళ్ళీ మళ్ళీ ప్రదర్శితమవుతున్నా తగిన ప్రతిఫలం రావడం లేదన్నది వాళ్ళ ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి.

దొంగకాపీని నేను తిరుగుబాటు అనను. దాని సొమ్ము కూడా రచయితకు చేరదు. అయినా రచయిత పేరు చెప్పి ప్రేక్షకుణ్ణి దండించమనేవాళ్ళను, ఆ రచయిత వాటా ఎంతో ముందు చెప్పమని అడగాలి. తీసేవాణ్ణీ ఆడించేవాణ్ణీ వేరుచేయాలన్న 1948 నాటి డిమాండును రచయితల సంఘాలు మళ్ళీ చేతబట్టాలి. ప్రేక్షకుడికి అందుబాటు, రచయితకు ప్రతిఫలం ఒకే పోరాటంలో భాగాలు.