ప్రాంప్ట్ దాకా ఆగిన కబురు

తెర వెనక పని పూర్తయిందనో ఉత్తరం వచ్చిందనో కంప్యూటర్ మనకు చెప్పే తీరును సాధారణంగా సాంకేతిక ప్రగతి కథగా చెబుతారు. మొదట గంట, తర్వాత బొమ్మ, ఆ తర్వాత తెర అంచున జారివచ్చే పెట్టె. ఈ వరుస నిజమే. 1963 నాటి ఆస్కీ సంకేతాల్లో 7వ సంఖ్య గంటకే కేటాయించారు. అది అందగానే మోడల్ 33 టెలిటైప్‌లో నిజమైన గంటే మోగేది. కానీ ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే: ఎప్పుడు చెప్పాలో ఎవరు నిర్ణయించారు?

1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్ యునిక్స్ కోసం రాసిన, మనం టైప్ చేసే కమాండ్లను నడిపే సీ షెల్‌నే తీసుకోండి. దానికి ఒక పనిని వెనక్కి పంపి ఇంకోటి చేసుకోనిచ్చే జాబ్ కంట్రోల్ చేరాక, బ్యాక్‌గ్రౌండ్‌కు పంపిన పని ముగిస్తే షెల్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. అయినా పైకి అనదు. మీ చేతిలో ఉన్న పని ముగిసి, తర్వాతి ప్రాంప్ట్ (కమాండ్ కోసం ఎదురుచూసే గుర్తు) రాబోయే ముందు ఒక్క వరుసలో 'డన్' అని చూపిస్తుంది. పనికి అడ్డు రాకూడదనే ఇలా చేశామని దాని మాన్యువల్‌లోనే రాశారు. వెంటనే తెలియాలనుకునేవాళ్లు 'నోటిఫై' అనే అమరిక పెట్టుకోవాలి. 1980లో అక్కడే వచ్చిన 'బిఫ్' (క్యాంపస్‌లో తిరిగే ఒక పెంపుడు కుక్క పేరు) అనే కమాండ్ ఇంత ఓపిక పట్టేది కాదు. కొత్తగా వచ్చిన ఈమెయిల్ మొదటి వరుసలను, ఎడిటర్‌లో ఏదో రాసుకుంటున్నా సరే, స్క్రీన్ మీద పడేసేది. అయితే 'బిఫ్ వై' అని తామే టైప్ చేసినవాళ్లకు మాత్రమే. విసుగొస్తే 'బిఫ్ ఎన్'.

ఒకరికొకరు తెలిసిన కొద్దిమంది కాబట్టి ఆ మర్యాద చెల్లిందని ఎవరైనా అనవచ్చు. కానీ ఇతరుల సందేశాలు స్క్రీన్ మీద పడకుండా ఆపే 'మెస్గ్' కమాండ్ 1971 నాటి తొలి యునిక్స్‌లోనే ఉంది. తెలిసినవాళ్ల మధ్యే అది అవసరమైతే, అపరిచితులు పంపేచోట ఇంకెంత అవసరం! కొన్ని కబుర్లు ఆగలేవన్న వాదన ఇంతకన్నా బలమైనది. మెషీన్ ఆపేయబోతున్నప్పుడు 'వాల్' కమాండ్‌తో వచ్చే హెచ్చరిక 'మెస్గ్ ఎన్' అని సందేశాలు ఆపుకున్నా దాటి వస్తుంది. అయితే అలా దాటించే అధికారం సిస్టమ్ బాధ్యత మోసే సూపర్‌యూజర్‌దే, ప్రతి ప్రోగ్రామ్‌దీ కాదు.

ఎవరు అడ్డుపడవచ్చో చెప్పే ఆ గీత ఆ తర్వాత చెరిగిపోయింది. విండోస్ 95 గడియారం పక్కన ఐకాన్లకు చోటిచ్చింది, విండోస్ 2000 వాటి మీద బెలూన్లు లేపింది. 2009లో ఐఫోన్‌కు పుష్ నోటిఫికేషన్లు వచ్చాక ఎక్కడో ఉన్న సర్వర్ జేబులోని ఫోన్‌ను కదిలించగలిగింది. జేబులోని ఫోన్‌కు ప్రాంప్ట్ ఉండదు, అది మోగక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఇంటినుంచి వచ్చిన మెసేజ్, దుకాణం డిస్కౌంట్ ఒకే దారిన, ఒకే చప్పుడుతో రావలసిన అగత్యం ఏముంది? ఐఫోన్ మొదటినుంచీ యాప్ వారీగా అనుమతి అడిగింది. 2008లో మార్కెట్‌కొచ్చిన ఆండ్రాయిడ్ ఆ అనుమతిని తప్పనిసరి చేసింది 2022లో, 13వ వెర్షన్‌తో. 2021లో ఐఓఎస్ 15 నోటిఫికేషన్లను ఆపి ఉంచి, మనం చెప్పిన వేళకు కలిపి ఒకేసారి చూపించే సదుపాయం తెచ్చింది. అది సీ షెల్ పద్ధతికి చాలా దగ్గర, ఒక్క తేడా తప్ప: సీ షెల్‌లో ఆగడం మామూలు, వెంటనే చెప్పడం కోరుకుంటేనే, ఇక్కడ వెంటనే చెప్పడం మామూలు, ఆగాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే మార్చుకోవాలి.