అమెరికన్ లిటరేచర్ కోర్సు: 11వ తరగతిలో ఏం చదవాలి? మార్కులు ఎక్కడ పోతాయి?

అమెరికా హైస్కూళ్లలో చాలాచోట్ల 11వ తరగతి ఇంగ్లిష్ అంటే అమెరికన్ లిటరేచరే. కాలేజీకి అప్లై చేసేలోపు పూర్తయ్యే చివరి ఏడాది కూడా ఇదే. అందుకే ఈ గ్రేడ్ కీలకం.

సిలబస్ దేశమంతా ఒకేలా ఉండదు. స్కూల్ డిస్ట్రిక్ట్, టీచర్‌ను బట్టి మారుతుంది. ఎక్కువగా కనిపించేవి ఇవే..

* ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ (1845)
* హాథార్న్ నవల 'ద స్కార్లెట్ లెటర్' (1850)
* ఫిట్జ్‌జెరాల్డ్ నవల 'ద గ్రేట్ గాట్స్‌బీ' (1925)
* ఆర్థర్ మిల్లర్ నాటకం 'ద క్రూసిబుల్' (1953)

బానిసత్వం, వర్ణవివక్ష, అమెరికన్ డ్రీమ్ లాంటి అంశాలపై క్లాసులో చర్చ ఉంటుంది. నోరు విప్పి మాట్లాడినందుకూ కొందరు టీచర్లు మార్కులేస్తారు.

ఇక్కడి నుంచి మధ్యలో వెళ్లి చేరిన తెలుగు పిల్లలు తడబడేది ఎస్సేల దగ్గరే. కథ బట్టీ పట్టి రాస్తే సరిపోదు. 'గాట్స్‌బీ ఎందుకు ఓడిపోయాడు?' అని అడిగితే సొంతంగా ఓ వాదన పెట్టాలి. నవలలోని వాక్యాలనే ఆధారంగా చూపాలి, పేజీ నంబర్ వేయాలి. నెట్‌లోంచి కాపీ కొట్టి దొరికితే సున్నా పడొచ్చు.

మరి ఏం చేయాలి? రోజూ కొన్ని పేజీలు చదవాలి. స్కూల్ పుస్తకంలో రాయకూడదు కాబట్టి స్టిక్కీ నోట్స్ అంటించుకోవాలి. డౌట్ ఉంటే ఎస్సే ఇచ్చేశాక కాదు, డ్రాఫ్ట్ దశలోనే టీచర్‌ను అడగాలి.