హొరగుత్తిగె బిల్లు మీద పన్ను: చిక్కబళ్ళాపురం సీమలో ప్రభుత్వ సిబ్బంది

హొరగుత్తిగె అంటే ప్రభుత్వ కార్యాలయం తనకు కావలసిన మనిషిని తానే నియమించుకోకుండా, ఏజెన్సీ ద్వారా తెప్పించుకుని, నెలనెలా ఆ ఏజెన్సీ బిల్లు చెల్లించే పద్ధతి. సరిహద్దు దాటితే ఆంధ్రలో దీన్నే ఔట్‌సోర్సింగ్ అంటారు. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్ళాపురం జిల్లాలో చిక్కబళ్ళాపురం, చింతామణి పట్టణాలకు నగరసభలు, బాగేపల్లికి పురసభ ఉన్నాయి. కర్ణాటకలో మిగతాచోట్ల మాదిరే ఇక్కడి కార్యాలయాల్లోనూ కంప్యూటర్ ఆపరేటర్లు, డ్రైవర్లు, ఆసుపత్రి గ్రూప్-డి సిబ్బంది వంటి కొలువులు చాలావరకు ఈ దారినే నిండుతున్నాయి. వేతనం గురించి, పర్మనెంటు గురించి చర్చ ఎప్పుడూ ఉంది. ఏజెన్సీ బిల్లు మీద పడే పన్ను గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆఫీసులో ఎంతమంది ఉండాలో, ఎవరి కింద ఉండాలో తేల్చడంలో ఆ పన్నుకు పెద్ద పాత్రే ఉంది.

2017 జులై 1న వచ్చిన జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం ఉద్యోగి తన యజమానికి చేసే పని 'సరఫరా' కిందికి రాదు. దాని మీద పన్ను లేదు. అదే మనిషిని, అదే కుర్చీలో, ఏజెన్సీ కూర్చోబెడితే అది మానవ వనరుల సరఫరా సేవ అవుతుంది, 18 శాతం పన్ను పడుతుంది. ఆ పన్ను ఏజెన్సీ కమిషను మీద మాత్రమే కాదు, మామూలుగా వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ కలిసిన మొత్తం బిల్లు మీద పడుతుంది. వ్యాపార సంస్థ అయితే కట్టిన పన్నును తన అమ్మకాల పన్నులో సర్దుకుంటుంది. తాలూకా కార్యాలయానికి అమ్మకాలు లేవు గనుక ఆ వెసులుబాటూ లేదు. కోటి రూపాయల గ్రాంటు ఉందనుకుంటే పన్ను పోగా బిల్లుకు మిగిలేది దాదాపు 84 లక్షల 75 వేలు. కమిషను పోయేది అందులోంచే.

మినహాయింపు లేకపోలేదు. రాజ్యాంగం 243-డబ్ల్యూ అధికరణం కింద పురపాలికలకు అప్పగించిన విధులకు సంబంధించి ప్రభుత్వానికి గానీ స్థానిక సంస్థకు గానీ కేవలం సేవ అందిస్తే జీఎస్టీ లేదు. చీపుర్లు, ఫినాయిలు వంటి సామాన్లు కూడా కాంట్రాక్టరే తెస్తే వాటి విలువ మొత్తంలో 25 శాతం దాటకూడదు. దీనివల్ల వీధి ఊడ్చే మనిషి బిల్లుకు పన్ను ఉండదు. పురపాలిక విధులతో సంబంధం లేని ఒక శాఖలో డేటా ఎంట్రీ చేసే మనిషి బిల్లుకు సాధారణంగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఎన్నో కొలువులున్నాయి, వాటి మీద అడ్వాన్స్ రూలింగ్ (పన్ను పడుతుందా లేదా అని ముందే తేల్చే) తీర్పులు ఒకే దారిలో నడవలేదు. పైగా నియమం నిలకడగా ఉండలేదు. 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వ అథారిటీలకు, ప్రభుత్వం నెలకొల్పిన సంస్థలకు చేసే సేవలను ఈ మినహాయింపు నుంచి తీసేశారు. 2023 అక్టోబరులో నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ, మురికివాడల అభివృద్ధి వరకు ప్రభుత్వ అథారిటీలకు మళ్ళీ ఇచ్చారు. రెండేళ్ళు నిండకుండానే అదే పని మీద పన్ను వచ్చి పోయింది. ఏడాది బడ్జెటు ముందే గీసుకునే సంస్థ అలాంటప్పుడు చేసేది ఒకటే: ఖాళీని ఖాళీగా వదిలేస్తుంది.

పన్ను రేటు కన్నా పన్ను కట్టే తేదీ చేసే హాని ఇంకా లోతైనది. ఏజెన్సీ బిల్లు ఇచ్చిన నెలకు మరుసటి నెల 20వ తేదీలోగా సాధారణంగా జీఎస్టీ కట్టాలి; ట్రెజరీ నుంచి డబ్బు వచ్చిందా లేదా అన్నది చట్టం అడగదు. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. డబ్బు వచ్చినప్పుడు ఆదాయపు పన్ను కింద ఒకటి లేదా రెండు శాతం కోత పడుతుంది. పన్ను వర్తించే ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే, 2018 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ కింద మరో రెండు శాతం కోస్తున్నారు. ఈ కోతలు తర్వాత సర్దుబాటవుతాయి, నిజమే. అయితే చేతిలో నగదు లేని చిన్న కాంట్రాక్టరు పన్ను ఆపలేడు, వడ్డీ ఆపలేడు. ఆపగలిగింది కూలివాడి జీతం, పీఎఫ్ జమ. వేతనం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే చెప్పింది. ఆ హక్కు కోసం ఎవరి మీద ఫిర్యాదు చేస్తే రేపు పని పోతుందో ఆ మనిషినే నిలదీయాలి. ఇది న్యాయం కాదు.

కొలువు ఏ రూపంలో ఉండాలో పన్ను నియమమే తేలుస్తుందన్న సంగతిని బ్రిటన్ అనుభవం వ్యతిరేక దిశలోంచి చెబుతుంది. అక్కడ ఐఆర్-35 నియమం 2000 నుంచే ఉన్నా, సొంత కంపెనీ పెట్టుకుని పనిచేసే మనిషి నిజానికి ఉద్యోగా కాదా అని తేల్చే బాధ్యతను 2017 ఏప్రిల్ 6న ప్రభుత్వ సంస్థల మీదికి మార్చారు. తప్పుగా తేల్చినందుకు కేంద్ర శాఖలు 2020-21లో కట్టిన, కట్టాల్సివచ్చిన పన్ను 26 కోట్ల 30 లక్షల పౌండ్లని అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2022లో లెక్క తేల్చింది. అక్కడ బాధితులు ఎక్కువగా నిపుణులు, ఇక్కడ డ్రైవర్లు, ఆపరేటర్లు, గ్రూప్-డి సిబ్బంది. పోలిక అంతవరకే.

పన్ను ఎలాగూ ప్రభుత్వానికే చేరుతుంది, నష్టమేముంది అని ఒక వాదన ఉంది. బిల్లు కట్టేది ఒక సంస్థ లేదా శాఖ. పన్నులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. ఏ పట్టణంలో మనిషి తగ్గాడో ఆ పట్టణానికి అది తిరిగి వస్తుందన్న హామీ లేదు. వీధి ఊడ్చేవారి బిల్లుకు పన్ను లేకపోయినా, ఇక్కడి సిబ్బంది పట్టికలు ఎంత చిన్నవో చూపడానికి వారి లెక్కే చాలు: కర్ణాటకలో 700 మంది జనానికి ఒక పౌరకార్మికుడు (వీధులూడ్చే పురపాలిక కార్మికుడు) ఉండాలి. 2011 జనగణన నాటి సుమారు 27 వేల జనాభాతో చూస్తే బాగేపల్లికి 38, 39 మంది. 76 వేలతో చింతామణికి 108, 109 మంది. అంత చిన్న పట్టికలో ఇద్దరు తగ్గినా ఒక వార్డు కంపు కొడుతుంది. ఏజెన్సీని తప్పించి నేరుగా నియమించుకోవడం మీద ఉన్న రెండో అభ్యంతరం బరువైనది. కర్ణాటక నుంచే వెళ్ళిన ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, నియమాలు తప్పి చేరినవారికి క్రమబద్ధీకరణ హక్కు లేదంది. కానీ ఆ తీర్పు కొత్త పోస్టులు మంజూరు చేసి, పద్ధతిగా నియమించడాన్ని ఎక్కడా అడ్డుకోలేదు. దాన్ని ఏళ్ళ తరబడి పనిచేసినవారి మీద ఆయుధంగా వాడకూడదని అదే కోర్టు 2024 డిసెంబరులో జగ్గో కేసులో చెప్పింది కూడా.

చేయగలమని బెంగళూరు చూపించింది. 2018లో మహానగర పాలికె వీధులూడ్చేవారికి కాంట్రాక్టరును తప్పించి నేరుగా జీతమిచ్చింది. 2025 మే 1న 12,692 మందికి నియామక పత్రాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ 2020 జులైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషనును మొదలుపెట్టి ప్రైవేటు ఏజెన్సీలను తప్పించింది. కమిషను బాధ తగ్గింది గానీ మనిషి మాత్రం శాఖ ఉద్యోగి కాలేదు. అందుకే బెంగళూరులో లాగా సంస్థే నేరుగా జీతమిచ్చే దారే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి, సంస్థ ఏ పని కోసం పుట్టిందో ఆ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని, కొన్ని మినహాయింపులతో, అంటోంది. పారిశుద్ధ్యాన్ని ముఖ్యమైన పనుల్లోంచి పక్కన పెట్టిన నిబంధన, ఆ పని కోసమే పుట్టిన సంస్థకు వర్తించదు. నగరసభ పుట్టిందే చెత్త ఎత్తడానికి, నీళ్ళు ఇవ్వడానికి. చెత్త బండి డ్రైవరు, లోడరు, నీళ్ళు వదిలే వాల్వ్‌మన్ ఆ లెక్కలోకి రావాలి.