బోరబండ పక్కనే తేలిన మలేరియా గుట్టు

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! బీఎస్సీ నర్సింగ్ సీటు కోసం బోరబండలో రూము తీసుకుని ఎప్‌సెట్‌కి చదివేటోళ్ల కోసం ఈ పోస్టు. 160 మార్కుల్లో సగం, అంటే 80, బయాలజీవే. అందులో చాలామంది బట్టీ పట్టేది ప్లాస్మోడియం జీవిత చక్రం. దాని చరిత్ర మీకు దగ్గర్లోనే ఉంది. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేటలో దిగితే చాలు.

1897లో అక్కడ రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టర్ దోమల్ని కోసి మైక్రోస్కోపులో చూసేవాడు. రెండేళ్లుగా ఏమీ దొరకలేదు, ఎందుకంటే కోస్తున్నవి వేరే జాతి దోమలు. ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటితో మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌ని కుట్టించాడు. దోమకి అణా చొప్పున ఇచ్చాడు. నాలుగు రోజులకు, ఆగస్టు 20న, దోమ పొట్ట గోడలో నల్ల రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. అవే మన పుస్తకంలోని ఊసిస్టులు. ఆ దోమే ఎనాఫిలిస్. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు వరస చూడండి. రోగి రక్తంలోని గామిటోసైట్లు దోమ పొట్టలోకి పోతాయి. అక్కడ ఫలదీకరణ, తర్వాత గోడలో ఊసిస్టు. అది పగిలితే స్పోరోజాయిట్లు లాలాజల గ్రంథులకి చేరి, కాటుతో మనిషిలోకి వస్తాయి. దోమలో జరిగేది కాబట్టే ఇది రాస్ చక్రం. మన ఎర్ర రక్తకణాల్లో జరిగేది గాల్జీ చక్రం.

ఏజెన్సీలో చలిజ్వరం ఎట్లుంటదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. హుస్సేన్ ఖాన్ పేరు బిట్టుగా రాకపోవచ్చు. రేపు వార్డులో మీ ముందు పడుకునేది మాత్రం ఆయన లాంటి మనిషే. నెగెటివ్ మార్కులు లేవు, ఏ బిట్టూ వదలొద్దు.