టాపెట్ల చప్పుడుతో వందేళ్ల పోరు

కారు ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కూ గాలి, పెట్రోలు లోపలికి రావడానికి కనీసం ఒక వాల్వు, కాలిన పొగ బయటికి పోవడానికి కనీసం మరో వాల్వు ఉంటాయి. వాటిని సమయానికి తెరిచేది క్యామ్‌షాఫ్ట్. పాత తరహా ఇంజన్లలో క్యామ్ మీది ఉబ్బు టాపెట్‌ను నెడుతుంది, టాపెట్ పుష్‌రాడ్‌ను ఎత్తుతుంది, పుష్‌రాడ్ రాకర్‌ను తిప్పుతుంది, రాకర్ వాల్వును కిందికి నొక్కుతుంది. ఇంజన్ వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగుదలకు చోటు కావాలి కాబట్టి రాకర్‌కూ వాల్వుకూ మధ్య సన్నని సందు వదులుతారు. సందు ఉంది గనక తెరిచిన ప్రతిసారీ రెండు లోహపు భాగాలు ఢీకొంటాయి. ‘టాపెట్లు కొట్టుకుంటున్నాయి’ అని షెడ్లలో అనేది ఈ చప్పుడునే.

తొలినాటి కార్లలో చాలావాటికి గాలిని లోపలికి వదిలే వాల్వుకు క్యామే లేదు. పిస్టన్ కిందికి దిగేటప్పటి పీల్పుకు అదే తెరుచుకునేది. రెండు వాల్వులనూ క్యామ్‌తోనే నడపడం మొదలయ్యాక ఈ సందు లెక్క అందరి నెత్తినా పడింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఇంజన్‌లో సందును సరిచేసే స్క్రూ లేనే లేదు. సందు తగ్గిందంటే వాల్వు ఊడదీసి కాడ చివర అరగదీయాలి, మరీ పెరిగిందంటే కొత్త వాల్వు వేయాలి.

చప్పుడంటే గిట్టనివారు వాల్వునే తీసిపారేయాలని చూశారు. వారిలో ముందు చెప్పుకోవలసినవాడు అమెరికాలోని షికాగోకు చెందిన ఛార్లెస్ యేల్ నైట్. పాడిపరిశ్రమ పత్రిక నడిపిన ఈయన వాల్వులకు బదులు సిలిండర్ లోపల పైకీ కిందికీ జారే రెండు లోహపు గొట్టాలు అమర్చి, వాటికున్న రంధ్రాల గుండానే గాలీ పొగా రాకపోకలు సాగించేలా ఇంజన్ చేయించాడు. 1906లో దాన్ని షికాగో ప్రదర్శనలో పెట్టాడు. ఇంగ్లండ్‌లోని డైమ్లర్ కంపెనీ ఆ పద్ధతిని చేపట్టింది. ‘సైలెంట్ నైట్’ పేరుతో అది పెద్దింటి కార్లలో చాలాకాలం నడిచింది. నిశ్శబ్దం మాట నిజమే. కానీ ఆ గొట్టాల మధ్య ఉండే ఆయిల్ కొంత కాలిపోయి వెనక నీలి పొగ వదిలేది. తయారీ ఖర్చూ ఎక్కువే. చవగ్గా తయారై, సులువుగా బాగయ్యే మామూలు వాల్వే చివరికి నిలిచింది.

ఇక చప్పుడుకు మందు వాల్వు నడిపే ఏర్పాటులోనే వెతకవలసి వచ్చింది. 1910లో ఫ్రాన్సులోని ల మాన్ నగరానికి చెందిన అమెదే బొలే ఆయిల్ ఒత్తిడితో సందును దానంతటదే పూడ్చుకునే టాపెట్‌ను రూపొందించాడు. ఆయన కుటుంబ వృత్తి చర్చి గంటలు పోత పోయడం కావడం ఒక విశేషం. ఆ ఊహ పెద్ద కార్ల ఉత్పత్తిలోకి రావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. 1930 జనవరిలో బయటికొచ్చిన కాడిలాక్ 16 సిలిండర్ల ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడితో రాకర్ల సందు తీసేసే ఏర్పాటు ఉంది. 1949 నాటి కాడిలాక్, ఓల్డ్స్‌మొబిల్ కొత్త వి8 ఇంజన్ల తరవాత అమెరికన్ కార్లలో హైడ్రాలిక్ టాపెట్ మామూలైపోయింది.

దాని లోపల జరిగేది ఇది. టాపెట్ ఒక చిన్న గిన్నెలా ఉంటుంది. అందులో ఒక ప్లంజర్, దాని కింద స్ప్రింగు, ఆయిల్ దారికి అడ్డంగా ఒక చిన్న గోళీ. వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ప్లంజర్‌ను లేపి సందు లేకుండా చేస్తుంది, ఖాళీలోకి ఆయిల్ వస్తుంది. క్యామ్ ఎత్తగానే గోళీ దారి మూస్తుంది. చిక్కుకున్న ఆయిల్ నలగదు కాబట్టి టాపెట్ గట్టి దిమ్మలా పనిచేస్తుంది. కొద్దిగా కారిన ఆయిల్ తిరిగి వాల్వు మూసుకున్నప్పుడు నిండుతుంది.

భారతదేశపు రోడ్లకు ఈ సౌకర్యం ఆలస్యంగా చేరింది. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు 1959లో బ్రిటన్‌కు చెందిన 1489 సీసీ ‘బి సిరీస్’ ఇంజన్ వచ్చింది. బొంబాయిలో తయారైన ఫియట్ 1100, దాని వారసురాలు పద్మిని కూడా పుష్‌రాడ్ ఇంజన్లే. 1983లో వచ్చిన మారుతి 800లో క్యామ్ పైకెక్కింది గానీ సందు సరిచేసే స్క్రూలు అలాగే ఉన్నాయి. అందుకే విజయవాడ ఆటోనగర్ మొదలు చిన్న ఊళ్ల షెడ్ల దాకా టాపెట్ సెట్టింగ్ ప్రతి మెకానిక్కూ నేర్వాల్సిన తొలి విద్యల్లో ఒకటయింది.

అంబాసిడర్ వాల్వుల సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఎనిమిది వాల్వులకు ఒక చక్కని లెక్క ఉంది. హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పుతూ ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుందో చూడాలి. దాని సంఖ్యను 9లోంచి తీసేస్తే వచ్చేదే ఇప్పుడు సెట్ చేయాల్సిన వాల్వు. ఒకటోది తెరుచుకుంటే ఎనిమిదోది, మూడోది తెరుచుకుంటే ఆరోది. నట్టు వదులు చేసి, ఫీలర్ గేజ్ రేకు పెట్టి, కాస్త పట్టుతో జారేదాకా స్క్రూ తిప్పి, నట్టు బిగించాక మళ్లీ ఒకసారి కొలవాలి. బిగింపులో స్క్రూ కదిలిపోతుంది కాబట్టి ఈ రెండో కొలత వదలకూడదు.

ఏ వాల్వు మోగుతోందో కనిపెట్టడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి రాకర్ కవర్ మీద వరసగా వింటారు. కవర్ తీసి, నెమ్మదిగా నడుస్తున్న ఇంజన్‌లో ఒక్కో సందులో గేజ్ రేకు దూర్చి చూడటం మరో దారి. ఎక్కడ చప్పుడు ఆగితే తప్పు అక్కడే. సందు సరిగానే ఉన్నా మోగుతుంటే రాకర్ మొనలో గుంట పడి ఉంటుంది. రేకు ఆ గుంట మీద వంతెనలా నిలవడంతో కొలత మోసం చేస్తుంది. సెట్ చేసిన కొన్నాళ్లకే మళ్లీ సందు పెరిగితే టాపెట్ అడుగో, క్యామ్ ఉబ్బో అరిగిపోతోందని అర్థం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకైనా ఇలాగే టిక్‌టిక్‌మంటుంది, కాబట్టి ముందు దాన్ని చూడాలి.

హైడ్రాలిక్ టాపెట్ల సంగతి వేరు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లు మోగి ఆగితే తప్పు లేదు. ఆగకుంటే ముందు ఆయిల్ మట్టం చూడాలి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, మరీ ఎక్కువైతే క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది. రెంటిలోనూ టాపెట్‌లోకి గాలి చేరి గట్టిదనం పోతుంది. తరవాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. అయినా ఒకటి మోగితే దాని గోళీ దగ్గర మురికి చేరిందనుకోవాలి. అప్పుడు విప్పి కడగడమో, కొత్తది వేయడమో చేయాలి. అరిగిన టాపెట్ మార్చేటప్పుడు క్యామ్‌ను పరిశీలించకుండా కొత్తది వేస్తే అదీ త్వరగా పోతుంది.

ఆయిల్ రకం కూడా ముఖ్యమే. క్యామ్ అరుగుదలను ఆపే జింకు, భాస్వరం కలిసిన రసాయనాన్ని ఆధునిక పెట్రోలు కార్ల ఆయిళ్లలో తగ్గించారు. ఆ భాస్వరం ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొట్టడమే కారణం. అడుగు బల్లపరుపుగా ఉండే పాత టాపెట్లకు ఆ రక్షణ తగ్గింది. కాబట్టి పాత కారుకు కొత్త ఆయిల్ అన్నిటికన్నా మంచిదనుకోవడం పొరపాటు.

అన్నిటికన్నా చెడ్డ మరమ్మతు మాత్రం చప్పుడు వినపడనంతగా స్క్రూ బిగించేయడం. సందు లేని వాల్వు వేడికి సాగాక పూర్తిగా మూసుకోదు. మంట అంచు గుండా దూరి వాల్వును, దాని సీటును కాల్చేస్తుంది. కొద్దిగా మోగే టాపెట్ ఏళ్లపాటు నడుస్తుంది, బిగిసిపోయిన టాపెట్ హెడ్ విప్పిస్తుంది. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. మిగిలిన కార్లను కాపాడుకుంటున్నవారు చెవి మీద ఆధారపడక, గేజ్‌తో కొలిచి సెట్ చేసే మెకానిక్ చేతికే వాటిని అప్పగించాలి.