మెయిన్ దాకా వెళ్లని ప్రోగ్రాం

ఉబుంటు 22.04లో బిల్డ్ ఒక్క వార్నింగ్ కూడా లేకుండా పూర్తయింది. చిన్న సీ ప్రోగ్రామే. బైనరీని ఉబుంటు 20.04 ఉన్న సర్వర్‌కి కాపీ చేసి ఎంటర్ నొక్కారు. తెరమీద ఒకటే ఎర్రర్: 'గ్లిబ్‌సీ 2.34' వెర్షన్ దొరకలేదట.

మీ కోడ్‌లో తప్పు వెతక్కండి. అందులో ఒక్క లైనూ ఇంకా నడవలేదు. డైనమిక్ లోడర్ బైనరీకి కావలసిన లైబ్రరీల పేర్లు చదివింది, వెర్షన్లు సరిచూసింది. అక్కడే ఆపేసింది.

బిల్డ్ చేసిన మెషీన్‌కి తిరిగి రండి. రీడ్‌ఎల్ఫ్ నడపండి. కావలసిన లైబ్రరీ 'లిబ్‌సీ.ఎస్ఓ.6' అని, అంటే గ్లిబ్‌సీ ఫైలే అని, చూపిస్తోంది. సరిగ్గా ఆ పేరుతోనే సర్వర్‌లోనూ ఫైలుంది. ఇప్పుడు ఆబ్జ్‌డంప్‌తో సింబల్స్ చూడండి. మెయిన్‌ని పిలిచే స్టార్టప్ ఫంక్షన్ పక్కన 2.34 అని ఉంది. ఆ నంబర్‌ని మీరు రాయలేదు, లింకర్ రాసింది. ఈ మెషీన్‌లో ఉన్నది గ్లిబ్‌సీ 2.35. అందులో ఆ ఫంక్షన్‌కి డిఫాల్ట్‌గా ఉన్న వెర్షన్‌నే అది నమోదు చేసింది. సర్వర్‌లో ఉన్నది 2.31.

డాకర్‌లో 20.04 కంటెయినర్ తెరవండి. పాత బిల్డ్ ఫోల్డర్ వద్దు. సీమేక్ వాడి ఉంటే దాని క్యాష్‌లో 22.04 సంగతులే ఉంటాయి. ఖాళీ ఫోల్డర్‌లో మళ్లీ బిల్డ్ చేసి, మళ్లీ ఆబ్జ్‌డంప్ చూడండి. అదే ఫంక్షన్ పక్కన ఇప్పుడు 2.2.5 అని ఉంది. సర్వర్‌లో నడిపారు, నడిచింది. 22.04లోనూ నడిచింది. గ్లిబ్‌సీ ఒక ఫంక్షన్‌కి కొత్త వెర్షన్‌ని చేర్చినా పాతదాన్ని తీసేయదు. అందుకే పాత బైనరీ కొత్త సిస్టంలో నడుస్తుంది, కొత్తది పాతదాంట్లో నడవకపోవచ్చు.

మ్యాక్‌లో అయితే కొత్త ఎస్‌డీకేతోనే బిల్డ్ చేస్తూ, డిప్లాయ్‌మెంట్ టార్గెట్‌గా పాత మ్యాక్‌ఓఎస్‌ని చెప్పొచ్చు. జీసీసీ, గ్లిబ్‌సీలకు అలాంటి స్విచ్ లేదు. పైథాన్ ప్యాకేజీల 'మెనీలైనక్స్2014' ప్రమాణం గ్లిబ్‌సీ 2.17 ఉన్న సెంట్ఓఎస్ 7ని ఆధారం చేసుకున్నదీ ఇందుకే.

మీ ప్రోగ్రాం వాడేవాళ్లలో అందరికంటే పాత సిస్టం ఏదో ముందు కనుక్కోండి. బిల్డ్ దాని మీదే చేయండి.