విజ్ఞాన పత్రికలు: అందుబాటూ, మన్నికా

1934 లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. తెలంగాణాలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు 354 మంది కవుల రచనలను సమకూర్చి జవాబు చెప్పారు. ఈ సంగతిని మనం సాధారణంగా ఆత్మాభిమాన గాథగా చెప్పుకుంటాం. అయితే అందులో మరొక చారిత్రక సత్యం కూడా వున్నది. ఆక్షేపణ పుట్టేనాటికి కవులూ వున్నారు, కవిత్వమూ వున్నది. లేనిదల్లా వాటిని ఒకచోట చేర్చి నిలిపే ఏర్పాటు. దొరకని రచన లేని రచనగా లెక్కకు వచ్చింది.

మన ప్రాంతపు చరిత్రనే తీసుకుందాం. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో, గంగాధర మండలంలో కురిక్యాల వున్నది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో అక్కడి గుట్టపై చెక్కించిన శాసనంలో సంస్కృత కన్నడాలతో పాటు తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయకు సుమారు నూరేళ్ళ ముందే తెలుగులో కందం నడిచిందనడానికి అది సాక్ష్యం. రాయి గనుక నిలిచింది. కాని రాతికెక్కేది చెక్కించగల స్తోమత వున్నవాడి మాటే గదా! 1935 లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన నాలుగవ ఆంధ్ర మహాసభ జరిగింది. దానిని మనదాకా మోసుకొచ్చింది రాయి కాదు, కాగితం. నాటి పత్రికలూ, మాడపాటివారే రాసిన ఆంధ్రోద్యమ చరిత్రా లేకపోతే ఆ సభ మనకు ఒక పుకారుగా మిగిలేది.

నేడు పరిశోధన కాగితాన్ని కూడా దాటింది. 2002 నాటి బుడాపెస్టు ప్రకటన, పరిశోధనా వ్యాసాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా రుసుము లేకుండా చదువుకోగలిగి వుండాలని కోరింది. దీనినే ఓపెన్ యాక్సెస్ అంటున్నాం. వేల రూపాయల చందా కట్టలేని కోరుట్ల విద్యార్థికి ఇది నిజమైన విజయం. విజ్ఞానాన్ని సరుకుగా అమ్ముకునే ప్రచురణ సంస్థల గుత్తాధిపత్యం మీద పడిన దెబ్బ ఇది. ఇందులో సందేహం లేదు.

కాని తలుపు తెరిచి వుండటం వేరు, ఇల్లు నిలిచి వుండటం వేరు. లాక్సో, మథియాస్, యాన్ అనే ముగ్గురు పరిశోధకులు 2020 లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2019 వరకు 176 ఓపెన్ యాక్సెస్ పత్రికలు ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. వాటిలో సగానికి పైగా సాంఘిక, మానవీయ శాస్త్రాలవి. ప్రచురణ ఆగిపోయి, అదే దారి పట్టే ప్రమాదంలో వున్నవి మరో 900 దాకా వున్నాయి.

కారణం సాంకేతికమని అనుకుంటే పొరపాటు. సర్వర్‌కు అద్దె కట్టాలి. పత్రిక పేరును ఏటేటా తిరిగి నమోదు చేయించాలి. సంపాదకుడు రిటైరవుతాడు, కళాశాల తన వెబ్‌సైటును మారుస్తుంది, పాత సంచికలు పోతాయి. పెద్ద ప్రచురణ సంస్థలు డబ్బు కట్టి తమ పత్రికలను భద్రపరచుకుంటాయి. అధ్యాపకుల వుచిత శ్రమతో నడిచే చిన్న పత్రిక ముందుగా చస్తుంది. జబ్బు ఆర్థికమైనది.

దీనికి మందు లేకపోలేదు. 1999 లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లాక్స్ అనే పద్ధతి మొదలయింది. ఒకే వ్యాసాన్ని అనేక గ్రంథాలయాలు దాచుకుంటాయి. వాటి యంత్రాలు తమ ప్రతులను అప్పుడప్పుడూ పోల్చి చూసుకుంటాయి. ఒకచోట ప్రతి చెడితే తక్కినచోట్ల వున్న మంచి ప్రతితో సరిచేసుకుంటాయి. సిరిసిల్ల పద్మశాలి వాడలో దీనిని వేరే వివరించనక్కరలేదు: ఒక పోగు తెగితే గుడ్డ చినగదు; ఉన్నదే ఒక పోగైతే అది గుడ్డే కాదు.

ఒకే ప్రతి మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో మన అనుభవమే చెబుతుంది. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అపురూపమైన ఉర్దూ గ్రంథ సముదాయం దెబ్బతిన్నది. ప్రభుత్వ ధనంతో లక్షలాది పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారం తరువాత మూతపడింది. వాటిలో అనేక పుస్తకాల నకళ్ళు అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినందువల్లనే నేటికీ చదువుకోగలుగుతున్నాం.

కాబట్టి కర్తవ్యం స్పష్టం. రచయితల నుంచి గాని, పాఠకుల నుంచి గాని రుసుము తీసుకోని పత్రికలను కాపాడటానికి 2020 లో జాస్పర్ అనే అంతర్జాతీయ కార్యక్రమం మొదలయింది. మన విశ్వవిద్యాలయాల పత్రికలు అటువంటి వాటిలో చేరాలి. దానితోనే సరిపెట్టుకోరాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల గ్రంథాలయాలు తెలుగు పరిశోధనా పత్రికల ప్రతులను తలా ఒకటి దాచుకుని, ఏడాదికొకసారి సరిచూసుకోవచ్చు. ఇందుకయ్యే ఖర్చును అధ్యాపకుల దయాదాక్షిణ్యాలకు వదలకుండా ప్రభుత్వ విద్యా బడ్జెట్ భరించాలని మనం అడగాలి.

బీడీ కార్మికురాలి జీవితం మీద, మరమగ్గం మీద నేడు మన విద్యార్థులు పరిశోధనలు చేస్తున్నారు. అవి మాయమైతే, ఈ నేల మీద ఆలోచించినవారే లేరని రేపొకరు అంటారు. నాటి ఆక్షేపణకు జవాబిచ్చేందుకు ఇళ్ళలో కాగితాలైనా మిగిలాయి. చెరిగిపోయిన సర్వర్‌లో వెతకడానికి ఏమీ మిగలదు.